మోటర్లు బంద్ పెట్టిన సాయంత్రం

ఖానాపూర్ దాటి ప్రాజెక్టు కట్ట మీద దిగేసరికి పొద్దున ఆరున్నర. సన్నగ మంచు. సామాను రెండు పెట్టెలు, మూడు బ్యాటరీలు, నూరు మీటర్ల కేబుల్. అప్పటికి నేను నేవీల చేరి పదమూడేండ్లు. పని సోనార్ మీద, అంటే నీళ్లల్ల చప్పుళ్లు వినుడు. మాది చెన్నూరు. సముద్రం కొలువుల ఇంటి దగ్గర డ్యూటీ పడ్తదని కలల గూడ అనుకోలే.

టీం లీడరు సైంటిస్టు మేడం, కరీంనగర్ ఆమె. సముద్రం అడుగున ఉండి చప్పుళ్లు రికార్డు చేసే యంత్రం తయారు చేసింది. ఎనిమిదేండ్ల కష్టం. ఓడ ఎక్కించే ముందు నిలకడ నీళ్లల్ల పరీక్ష. పైనుంచి శబ్దంతోని పిలిస్తే అది ‘టిక్’మని జవాబియ్యాలె, బరువు వదిలి తేలాలె.

నాలుగో రోజు తేలలే.

జవాబు గూడ లేదు. హెడ్‌ఫోన్లల్ల ఒకటే మోత. ఒడ్డెంట యాసంగి పొలాలకు నీళ్లు తోడే మోటర్లు. సాయంత్రం ఐదుకు బయల్దేరాలని ఆర్డరు. యంత్రం దొరకకుంటె ఓడ అది లేకుండనే పోతది. మేడం పొద్దటి నుంచి చాయ్ గూడ ముట్టలే.

మా పడవ నడిపేది రాజమల్లు. అరవై దాటినా రోజూ వల వేస్తడు.

“ఏమైంది బిడ్డా?” అని మేడంను అడిగిండు.

“మోటర్ల లొల్లిల దాని గొంతు వినబడ్తలే, పెద్దబాపు.”

“గంతేనా? జర ఆగు.”

ఫోన్ తీసిండు. “తమ్మీ, కొద్దిసేపు మోటర్ బంద్ పెట్టు. మన కరీంనగర్ బిడ్డ సామాను నీళ్లల్ల చిక్కింది. పక్కోళ్లకు గూడ చెప్పు.”

నాలుగు దాటి పది నిమిషాలు. నా చెవులల్ల మోత కొంచెం కొంచెం తగ్గింది. ఆఖరుకు ఒక్క మోటరు మిగిలింది. కట్ట మీది నుంచి ఎవలో అటు ఉరికిండ్రు. అదీ ఆగింది.

మేడం పడవల నుంచే పిలుపు మీట నొక్కింది. నేను హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకున్న.

టిక్.

“ఉన్నది మేడం! ఎడమ దిక్కు!”

రాజమల్లు తెడ్డేసిండు. మునిగిన చెట్టు మోడుకు యంత్రం తాడు చిక్కుకున్నది. కొక్కెం వేసి గుంజినం. బురదతోని పైకొచ్చిన యంత్రాన్ని మేడం ఒళ్లె పెట్టుకొని చున్నీతోని తుడిచింది. ఏడ్సుకుంటనే నవ్వింది.

మోటర్లు ఇంకా మొదలు కాలే. “నువ్వు గూడ విను పెద్దబాపు” అని ఆమె హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టింది. గా నీళ్ల మీదనే నలభై ఏండ్లు బతికిండు, లోపలి చప్పుడు ఎన్నడు వినలే.

ఐదుకు జీపు కదిలింది. తర్వాత ఆ యంత్రం సముద్రంల దిగింది, నేను గూడ ఆ ఓడ మీద ఉన్న. ఇప్పుడు రిటైరై మంచిర్యాలల ఉంటున్న. సముద్రంల విన్నయి చానా మర్సిపోయిన. రాజమల్లు మొఖం మర్వలే. ఆనాడు హెడ్‌ఫోన్లల్ల వినుకుంట కండ్లు మూసుకొని, మేం మాట్లాడబోతె చెయ్యెత్తి ఆపిండు.

“ఊకోండ్రి,” అన్నడు మెల్లగ. “చాపలు మాట్లాడుకుంటున్నయ్.”