జీవరత్నం గారి మార్కుల పుస్తకం

సోమవారం పదకొండింటికి జీవరత్నం గారి ఎడమ చెయ్యి ఎవరూ చెప్పకుండానే ఎగిరి, పట్టుకున్న గ్లాసులోని కాఫీ అంతా శాలిని తెల్లకోటు మీద పోసి, తిరిగి బుద్ధిగా ఆయన ఒళ్లోకి వచ్చి కూర్చుంది. కాఫీ చల్లారిపోయి ఉండటం శాలిని అదృష్టం.

"మూడు," అన్నారాయన, కుడి చేత్తో పుస్తకంలో రాసుకుంటూ.

గవర్నర్‌పేటలో మేడమీద ఫిజియోథెరపీ క్లినిక్ నడిపే ఈ పెద్దమనిషికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ రెండు కనబడినా పోల్చి, పదికి మార్కులు వెయ్యందే ఊరుకోరు. రెండు ఆవకాయలు, బందరు రోడ్డు మీద రెండు సిగ్నళ్లు, చర్చిలో రెండు ఆదివారాల ప్రసంగాలు. పుస్తకంలో పేజీకి రెండు గళ్లు. మొదటిది తనది. రెండోది భార్య సంపూర్ణమ్మ గారిది. ఆవిడ "రెండూ ఒకటే లెండి" అని అన్నిటికీ ఐదేసి వేసేవారు. ఆవిడ పోయి నాలుగేళ్లు. ఆయన ఇప్పటికీ కంచంలో రెండు ఆవకాయలూ వడ్డించుకుంటారు. రెండో గడి మాత్రం ఖాళీ.

"పోటీ మీరే పెట్టి, జడ్జీ మీరే అయితే ఎలా సార్?" అంది ఒకసారి అసిస్టెంటు శాలిని.

"అప్పీలుకి వెళ్లేవాళ్లు లేరు కదమ్మా."

ఈ వారం పోటీ రెండు మిషన్లకి. ఒకటి పాత కరెంటు మిషను. చర్మానికి రెండు ప్యాడ్లు అంటించి కరెంటు పంపితే నరం మేలుకుంటుంది, దారిలో చర్మం చురుక్కుమంటుంది. రెండోది కంపెనీవాళ్లు చూపించడానికి తెచ్చిన అయస్కాంతం మిషను. పెసరట్టంత తీగచుట్టని చొక్కా మీదుగా పట్టుకుంటే చాలు, టక్కు టక్కుమంటుంది. చర్మానికి కబురే అందదు, లోపల నరం ఉలిక్కిపడుతుంది. దానికి ఎనిమిది. కానీ శనివారం అది వెనక్కి వెళ్లిపోతుంది.

చిక్కంతా చేపలు కోసే పేరమ్మతో వచ్చింది. చేపల ఆటోలో చేతిమీద తల పెట్టుకుని నిద్రపోయి లేచేసరికి కుడి మణికట్టు వాలిపోయింది. కత్తిపీట ముందు చేప జారిపోతోంది. చెయ్యి లేవకపోతే బతుకుతెరువు లేదు. మొగుడు నాగులు చేపల చెరువు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. అప్పట్నుంచి కైకలూరు బస్సులో ఒక్కతే వచ్చి ఒక్కతే వెళ్లే మనిషి. అయస్కాంతానికి సరేనంది కానీ, ప్యాడ్లు చూడగానే చెయ్యి కొంగులో దాచేసుకుంది.

"శనివారం తర్వాత ఎలాగమ్మా?"

"నా రాత అంతేనండి," అని గోడవైపు తిరిగింది.

ఆ సోమవారం పదకొండింటికే జీవరత్నం గారు ప్యాడ్లు తన ఎడమ చేతికి అంటించుకున్నారు, కాఫీ ఎగిరింది. పేరమ్మ గోడవైపు నుంచి తల తిప్పింది.

మంగళవారం కాఫీ శాలిని చెప్పుల మీద పడింది. బుధవారం మళ్లీ కోటు మీద.

"గ్లాసు పక్కన పెట్టొచ్చుగా సార్!"

"పరిస్థితులు మారిస్తే పోలిక చెల్లదమ్మా."

గురువారం ఆయన ముక్కు మీదికే ఎగిరింది. పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శుక్రవారం అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది.

శనివారం కంపెనీవాళ్లు అయస్కాంతాన్ని మెట్ల మీదుగా దించుతుంటే, పేరమ్మ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"పెట్టండి బాబుగారూ. ఐదు రోజుల్నించి పెట్టించుకుంటున్నారు, మీకేం కాలా. ఆ కాఫీ మాత్రం అవతల పెట్టండి."

ఆయన మీట మెల్లగా తిప్పారు. వాలిన చెయ్యి నిద్రలేచినట్టు లేచింది.

"అమ్మో, చురుక్కు! దీనికి రెండే మార్కులండి!"

జీవరత్నం గారు రెండో గడిలో ఆ రెండు మార్కులూ వేసి, సిరా ఆరేలా ఊదారు.

ఇంట్లో పెట్టుకునే చిన్న కరెంటు మిషను సంచిలో వేసుకుని పేరమ్మ బస్సుకి వెళ్లాక, శాలిని మరకల కోటు తెచ్చి ఆయన ముందు పరిచింది.

"వారమంతా నా మీదే పోశారు సార్! ఖాళీ గ్లాసు పట్టుకున్నా చెయ్యి అలాగే ఎగురుతుందిగా?"

"ఖాళీ గ్లాసుకి ఆవిడ నవ్వేది కాదమ్మా."