దొంగ హాజర్

తెలంగాణ కావాలంటూ పిల్లలు బళ్ళు బంద్ చేయించిన అరవై తొమ్మిదిలో నేను తొమ్మిదో తరగతి. ఆ రోజుల గురించి ఎవరైనా ఊరేగింపులే చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందు ఒక కంపాస్ డబ్బా గుర్తొస్తుంది.

మా బడి మొయినాబాద్‌కు దగ్గర్లో ఉండేది. కనకమామిడి నుంచి నడిచొచ్చే పిల్లవాడు నా బెంచీలో, నా పక్కన కూర్చునేవాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పోగొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. లెక్కల్లో నాకంటే చురుకు. ఆదివారం చర్చిలో బైబిల్ చదివేది అతనే. వాళ్ళవ్వ ముందు వరసలో కూర్చుని మురిసిపోయేది.

ఒక సోమవారం నా కంపాస్ డబ్బా కనిపించలేదు. బాపు కొత్తగా కొనిచ్చింది, పోయిందంటే వీపు విమానం మోతే. ఏడ్చాను. లెక్కల సారు "పక్కన కూసున్నదెవడు?" అని అతని సంచి దులిపాడు. ఏమీ రాలలేదు. అయినా ఎక్కడో దాచాడని తేల్చేశాడు.

మరునాటి నుంచి హాజరు పిలిచేటప్పుడు అతని పేరు దాటేసి, అందరివీ అయ్యాక చివర్లో "దొంగ" అనేవాడు. అతను లేచి "హాజర్ సార్" అనాలి. అనేదాకా బెత్తం ఆగదు. మొదటి రోజు తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

డబ్బా ఆ వారంలోనే దొరికింది. మా పక్క ఊరు ప్రొద్దుటూరులో మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడే మరిచిపోయానట. అత్త మనిషితో పంపించింది. సారుకు చూపిద్దామని సంచి అడుగున పెట్టుకుని బడికి వెళ్ళాను. తీరా ఆయన ముందు నిలబడితే బెల్లం కొట్టిన రాయినయ్యాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రెండు నెలలు సాగింది.

ఈలోగా అతను మారిపోయాడు. చర్చిలో చదవడం మానేశాడు. ఎందుకని అడిగితే "దొంగ సదివితె ఎవలింటరు?" అన్నాడు. ముందు ఎవరి తోటలోనో జామకాయలు, తర్వాత ఒక సైకిల్ గంట, ఆ తర్వాత ఏకంగా సైకిలే. పట్టుబడితే తప్పించుకోవాలని కూడా చూసేవాడు కాదు.

ఇంతలో బంద్‌లు మొదలయ్యాయి. పెద్దపిల్లలు చేవెళ్ల రోడ్డు మీద బస్సులు ఆపేవారు. ఒక ఉదయం బడికి వెళ్ళేసరికి ఆఫీసు గది తాళం పగిలి ఉంది. లోపల గడియారం, రేడియో ఎక్కడివక్కడే ఉన్నాయి. మా తరగతి హాజరు రిజిస్టరు ఒక్కటే కాలి బూడిదైంది.

పోలీసులు వచ్చి మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. రిజిస్టరు లేదు కాబట్టి పెద్దసారు గుర్తున్న పేర్లు పిలవసాగాడు. అతని పేరు వచ్చింది. నా పక్కనే ఉన్నాడు, పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మొండికేశాడనుకుని ముఖం చూశాను. అక్కడ మొండితనమేమీ లేదు. ఇంకెవరినో పిలుస్తున్నట్టు ఊరికే నిలబడ్డాడు.

లెక్కల సారు అలవాటు కొద్దీ "దొంగ" అన్నాడు.

"హాజర్ సార్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కాలబెట్టింది నువ్వేనా?" అన్నాడు జమాదారు.

"నేనే. దాంట్ల నా పేరున్నది. ఉండి ఏం ఫాయిద?"

జీపెక్కిస్తుంటే పరుగెత్తాను. "కంపాస్ డబ్బా నా దగ్గరనే ఉన్నదిరా! అత్తోళ్ళింట్ల దొరికింది" అని అందరి ముందూ ఏడుస్తూ చెప్పాను.

అతను కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకనే. ఆ వారమే నీ సంచిల సూసిన."

"మరి సారుకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని రోజూ సూసిన."

జీపు చేవెళ్ల వైపు వెళ్ళిపోయింది. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. డబ్బా అందులోనే ఉంది.