కల్లు కాంపౌండు బయట కూసున్న దోస్తు

సహోదరులారా, మన తెలంగాణ వచ్చిన కొత్తల ఊరంతా సంబురంగ ఉంటె, నేను మాత్రం ఆత్మకూరు దిక్కు మా ఊర్ల మందు కల్లుకు బానిసనై, పొద్దు వంగితే చాలు కాళ్ళు వాటంతట అవే కాంపౌండు దిక్కు నడిచే స్థితిల ఉంటిని. అది చెట్టు కల్లు కాదు, మందు కలిపిన కల్లు, ఒక్క పూట తాగకుంటె మెడ వంకర పోతది, చేతులు వణుకుతయ్, లేని మనుషులు గోడ మీద కనబడుతరు. బడి మొఖం చూడకున్నా, గొర్లు కాసుకుంట బస్సుల మీది బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నోన్ని, బైబిలు మొత్తం నా అంతట నేనే చదివినోన్ని, అటువంటి నాకే ఆ గతి పట్టింది. నా భార్య నర్సమ్మ మనుమరాలిని నా దగ్గర విడిచి కట్టెలకు గూడ పోకపోయేది. ఇట్లనే తాగితే బతకవని డాక్టరు మొఖం మీదనే చెప్పిండు.

సరే అని ఒక్కసారే బంద్ చేసిన. వణుకుడు మొదలైంది. సంఘపోళ్ళు వచ్చి చూసి దయ్యం పట్టిందన్నరు, మంచం చుట్టూ నిలబడి దయ్యాన్ని పొమ్మని గట్టిగ గద్దించిండ్రు, నేను ఇంకింత వణికిన, ఆఖరికి మళ్ళ కల్లు పోస్తే గాని పానం నిలువలే. అప్పుడేమో నాకు విశ్వాసం చాలదన్నరు. ఎవరెవరు ఏమన్నరో నాకు అన్నీ యాదికున్నయ్, పేర్లు చెప్పను, కొందరు ఇక్కడనే కూసున్నరు. ఆదివారం చెయ్యి కలిపి, "ప్రార్థన చేస్తున్నం అన్నా" అని బండి కిక్కు కొట్టి పోయేటోళ్ళే గాని, సోమవారం నేను బతికిన్నో చచ్చిన్నో అడిగినోడు లేడు. నా కడుపు మండదా మరి? దేవుడు మనకు తోటి విశ్వాసులను ఇచ్చింది ఆదివారం ఒక్కనాటికేనా?

అటువంటి కాలంల దేవుడు ప్రభుదాసును పంపిండు. బస్టాండు కాడ పంచరు దుకాణం ఆయనది, నాకంటె వయసుల చానా చిన్నోడు, నన్ను మామా అంటడు, నేను అల్లుడా అంట. మళ్ళొకసారి బంద్ చేసి వణుకుతున్న నా పక్కన మంచంల కూసుండి అన్నడు, "మామా, గిది దయ్యం గాదు. మందు కల్లు ఒక్కసారే ఇడిస్తే గిట్లనే అయితది, నేను గూడ గిట్లనే వణికిన. దవాఖానకు పోదం. ప్రార్థన గాడ గూడ చేసుకుంటం."

దుకాణం మూసి నన్ను దవాఖానకు తోలుకపోయిండు. వాళ్ళు మందులిచ్చి, వణుకుడు తగ్గేదాక పండవెట్టుకున్నరు. ఆడ నా చెయ్యి పట్టుకొని ఆయన చేసిన ప్రార్థన ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది: "ప్రభువా, నేను మామను పట్టుకున్న. నువ్వు మా ఇద్దరిని పట్టుకో."

ఇంటికొచ్చినంక అసలు కష్టం మొదలైంది, ఎందుకంటె పొద్దు వంగుడు రోజూ ఉంటది గదా. కల్లు యాదికొచ్చే ఆ యాళ్ళకే ప్రభుదాసు వచ్చేది, అరుగు మీద సుద్దతోని గీసి పులిజూదం ఆడేది, నా పులిని మేకలతోని కట్టేసి, "మామా, నీ పులికి పండ్లూడినయ్" అని ఎక్కిరించేది, తర్వాత ఒక అధ్యాయం చదివినంక అడిగేది, "ఇయ్యాల మనసు ఎటు పోయింది మామా?" ఆ ప్రశ్న నన్ను ఎవ్వరూ అడగలే, నేను ఉన్నదున్నట్టు చెప్పేది, ఆయన నవ్వకపోయేది.

ఒకనాడు మాత్రం ఆయన రాకముందే నేను కాంపౌండుకు పోయిన. సీస చేతుల ఉన్నది, మూత గూడ తీసిన, గంతలనే జనం నవ్వుడు వినబడ్డది. బయట గేటు కాడ ఎవడో మట్టిల పులిజూదం గీసుకొని ఒక్కడే ఆడుతుండని, పిచ్చి లేశిందని. చూస్తె ప్రభుదాసు! ఒకప్పుడు ఆయనతోని తాగినోళ్ళే చుట్టూ చేరి, "శిష్యుని ఎతుక్కుంట గురువు గూడ వచ్చిండు, ఈనకో సీస పొయ్యుండ్రి" అంటున్నరు. ఆయన తల ఎత్తలే, లోపటికి రాలే, నన్ను తిట్టలే. నేను గుమ్మంల నిలబడితే అన్నడు, "నీ పులిని నువ్వొచ్చి జరుపు మామా. రెండు దిక్కుల నేనే ఆడితే ఎవరు గెలిచినట్టు?"

సీస ఆడనే వెట్టి బయటికొచ్చిన సహోదరులారా, అందరి ముంగట మట్టిల కూసున్న, ఆడిన, అయ్యాల ఓడిపోయిన, ఓడిపోయినందుకు అంత సంతోషం నా బతుకుల ఎన్నడూ లేదు! అప్పటిసంది ఒక్క చుక్క ముట్టలే. దేవునికే మహిమ! ఇప్పుడు మనుమరాలు నా ఒళ్ళెనే నిద్రపోతది, నర్సమ్మ నిమ్మళంగ పనికి పోతది.

మన మల్లేశు వెనక వరుసల కూసున్నడు. తన మాట చెప్పమని తనే అన్నడు గనుక చెప్తున్న, తనూ మందు కల్లు బంద్ చేసిండు, ఇయ్యాల పొద్దుగాల్ల నుంచి చేతులు వణుకుతున్నయ్. ఎవరూ గద్దించకుండ్రి. నన్ను మోసిన దేవుడు ఇతన్ని గూడ మోస్తడు, నమ్ముండ్రి, ఆయన చేతులు మన చేతులంత తొందరగ అలసిపోవు. ఈ కూడిక అయినంక ప్రభుదాసు, నేను, మల్లేశు దవాఖానకు పోతున్నం. ఆటో బయటనే ఉన్నది, ఇంకొకరికి జాగ ఉన్నది. ఎవరొస్తరో చెయ్యి ఎత్తుండ్రి.