పిన్నికి వినిపించని పిలుపు

దెయ్యం కథలు చెప్పేవాళ్లను మొహం మీదే ఎగతాళి చేసే మనిషిని నేను. ముంచింగిపుట్టు దగ్గర ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. ఆదివారం చర్చికి వెళ్తాను. చీకటి పడ్డాక కూడా ఘాట్‌రోడ్డు మీద ఒంటరిగా స్కూటీ నడుపుతాను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేననను. కానీ మొన్న కాఫీ కోతల్లో జరిగింది చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

మా కాఫీ తోటల్లో మనిషికి మనిషి కనపడడు. అందుకని కోసేటప్పుడు ఒకరు "ఓ..." అని కూత పెడితే రెండోవాళ్లు "ఓ" అని పలుకుతారు. ఎవరెక్కడున్నారో తెలియడానికి, అంతే. మా పిన్ని, బాబాయి పెళ్లయిన దగ్గర్నుంచీ అలాగే కోశారు. చుట్టలు కాల్చి కాల్చి బాబాయి గొంతు బొంగురుపోయింది. ఆయన కూత చివర తప్పకుండా చిన్న దగ్గు ఉండేది.

బాబాయి పోయాక కూడా పిన్ని తోటలో కూత పెట్టేది. కాసేపు ఆగి, తల ఊపి, మళ్లీ పనిలో పడేది. ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు. కొత్త పంట తినేముందు పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి, ముందు వాళ్లకే పెట్టే ఊరు మాది. "పలికినాడా?" అని అడిగినవాళ్లున్నారు గానీ, నీకు పిచ్చా అని అడిగినవాళ్లు లేరు.

తర్వాత మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఆమెను విశాఖ తీసుకెళ్లాడు. అద్దె ఫ్లాటు. పిన్ని పొద్దున్నే బాల్కనీలో నిలబడి కొండలవైపు కూత పెట్టేది. పక్కవాళ్లు ఓనర్‌కి చెప్పారు, ఓనర్ ఖాళీ చేయమన్నాడు. తమ్ముడు బెదిరిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వేరేవాళ్లకు వినపడని గొంతులు నీకు వినపడతాయా అని అక్కడ డాక్టరు అడిగాడట. పిన్నికి అబద్ధం చేతకాదు. "ఇనబడతాయి బాబూ. మా ఆయన పలుకుతాడు కదా" అంది. ఆ ఒక్క మాటకు మాత్రలు రాశారు.

మందులు చెడ్డవని నేననను. మా స్కూల్లో చదివే ఒక గుంట, తొమ్మిదో తరగతి ఆడపిల్ల, ఆ మందులవల్లే బతికి బట్టకట్టింది. కానీ పిన్ని ఎవరినైనా కొట్టిందా? అన్నం మానేసిందా, పని మానేసిందా? ఏ కొండ నుంచి వచ్చావు, మీ ఊళ్లో ఇది మామూలేనా అని ఒక్కరైనా అడిగారా? మా చర్చిలో ఒకాయన దేవుడు నాతో మాట్లాడాడని సాక్ష్యం చెబితే అందరం ఆమెన్ అంటాం. ఆయనకు కోటుంది, కారుంది. తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

కోతలకు పిన్ని ఊరికొచ్చింది. మళ్లీ కూతలు పెడితే ఇక శాశ్వతంగా విశాఖలోనే అని తమ్ముడి షరతు. మాత్ర వేసుకుందో లేదో రోజూ ఫోన్ చేసి అడుగుతాడు. సెలవు రోజున తోడుగా నేనూ తోటకెళ్లాను. పిన్ని నోరు కుట్టేసినట్టు మౌనంగా కోస్తోంది. ఆ రోజు సంత. చుట్టుపక్కల తోటల్లో నరమానవుడు లేడు.

ఎండ బాగా ఎక్కాక పై వాలు నుంచి "ఓ..." అని వినిపించింది. చివర్లో చిన్న దగ్గు. పని ధ్యాసలో నేను "ఓ" అని పలికేశాను. పలికాక గానీ అది బాబాయి గొంతని తట్టలేదు.

పిన్ని నావైపు తిరిగింది. "ఎవులికి పలికినావు గుంటా?"

నేను పైకి చూశాను. ఆమెకే అర్థమైంది. బుట్ట కింద పెట్టి, వాలువైపు చెవి ఒగ్గి చాలాసేపు నిలబడింది. "పలకడం మానీసినాడనుకున్నాను. నాకే ఇనబడ్డం మానీసిందన్నమాట" అని కూలబడి ఏడ్చింది.

నేను పైదాకా ఎక్కి చూశాను. ఎవరూ లేరు. తడినేల మీద అడుగుజాడ కూడా లేదు.

తమ్ముడికి చెప్పాను. "నీకు రెస్ట్ కావాలక్కా, నాలుగు రోజులు సెలవెట్టు" అన్నాడు, ఎంతో మర్యాదగా. స్టాఫ్‌రూమ్‌లో టీచర్లు కుర్చీలు దగ్గరకు లాక్కుని మళ్లీ చెప్పమన్నారు. అదే తోట, అదే గొంతు. ఆమె వింటే రోగం, నేను వింటే అనుభవం. నన్ను ఆస్పత్రికి రమ్మన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు విన్నదేమిటో నాకిప్పటికీ తెలియదు. గాలి అనుకుందామంటే గాలి దగ్గదు కదా. మళ్లీ వినిపించనూ లేదు. అయినా సెలవు దొరికితే తోటకెళ్తున్నాను. పిన్ని నన్ను వాలు కింద నిలబెట్టి భుజం తడుతుంది.

"నువ్వు కూతెట్టు గుంటా. నీకైతే ఎవులూ మాత్రలియ్యరు."