బానెట్ మీద చెంప

ఆటోనగర్‌లో శౌరయ్య పెయింటింగ్ షెడ్డుకీ, నా సీటుకవర్ల కొట్టుకీ మధ్య ఒక రేకు అడ్డం, అంతే. అతను స్ప్రే కొడితే నాకు తుమ్ములు, నా మిషను మోగితే అతనికి చిరాకు. అలా తిట్టుకుంటూనే తొంభైలన్నీ గడిపేశాం. లారీల వెనక అక్షరాలు రాస్తూ మొదలుపెట్టి కార్ల దాకా ఎదిగినవాడు. గుణదలలో అద్దె ఇల్లు, పాత సైకిలు. విజయవాడలో అతనికంటే మంచి కారు పెయింటరున్నాడని ఎవరన్నా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

మా ఊరి ఎండల్లో కారుకి రంగు కొట్టడమంటే మాటలు కాదు. గన్నులోంచి వచ్చిన రంగు రేకు మీద సర్దుకునేలోపే ఆరిపోతుంది. అప్పుడు బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంటలూ, బొడిపెలూ తేలతాయి. దూరం నుంచి ఏమీ కనపడదు. ట్యూబులైటు వెలుగు పడిందంటే మాత్రం పనివాడి పరువు పోతుంది. ఆ తొక్క తియ్యడంలోనే ఉంది శౌరయ్య గొప్పతనమంతా. రంగు గట్టిపడ్డాక నీళ్లు చల్లి, వాటర్ పేపర్ అనే సన్న గరుకుకాగితంతో రుద్ది, మెరుగుకి కాంపౌండ్ పట్టించేవాడు. ఎంత రుద్దాలో కంటితో చూసుకునేవాడు కాదు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. అంచుల్లో రంగు పల్చగా ఉంటుంది కనక మిగతా పెయింటర్లు అక్కడ టేపు అంటించుకుని రుద్దేవాళ్లు. శౌరయ్య ఏనాడూ టేపు ముట్టలేదు.

"వేళ్లున్నాయి గదన్నా, టేపెందుకూ?" అనేవాడు.

ఆ పొగరు నాకు నచ్చేది. దాచుకోవడమెందుకు?

రెండువేల సంవత్సరం దాటాక అనుకుంటాను, అతను కార్లకు చెంప ఆనించడం మొదలుపెట్టాడు. బానెట్ మీదకు వంగి, చెంప పెట్టి, మెల్లగా జరిపేవాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లకు అదో వినోదమైపోయింది. "కారుకి ముద్దులేందయ్యా! తెరేసమ్మ చూసిందంటే చీపురు తిరగేస్తది" అని అతని భార్య పేరెత్తి నేనూ ఏడిపించాను. శౌరయ్య నవ్వేసేవాడు.

ఒకరోజు క్యారేజీ ఇవ్వడానికొచ్చిన తెరేసమ్మే నాకు అసలు సంగతి చెప్పింది. అతని వేళ్లు మొద్దుబారిపోయాయట. డాక్టరు షుగరన్నాడట. కాదు, ఇన్నేళ్లూ థిన్నర్‌తో చేతులు కడిగినందుకేనని ఆమె నమ్మకం.

"మీరు ఎవ్వరికీ అనబాకండి అన్నయ్యా. ఆ పని చెయ్యలేడని నలుగురికీ తెలిస్తే ఆయన బతకడు" అంది.

అన్నాళ్లూ నేను వేసిన వెకిలి జోకులన్నీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

అలాంటి సమయంలో కంకిపాడు నుంచి తిరుపతిరావుగారు కొత్త కారు తెచ్చారు. వెండిరంగుది. ట్రాక్టరు గీసుకుని ఒక తలుపు పాడైంది. శౌరయ్య ఆ తలుపుకు రంగు కొట్టి, పైన మెరుపుకోసం రంగులేని క్లియర్ పూత కొట్టి, తొక్కంతా తీసి అద్దంలా నిలబెట్టాడు. రావుగారు కారు చుట్టూ తిరిగి మొహం చిట్లించారు.

"తలుపొక్కటే వేరే బండిదిలాగా ఉందయ్యా శౌరయ్యా. దీంట్లో నా మొహం తేటగా కనపడతంది, పక్కదాంట్లో అలుక్కుపోతంది."

ఆయన అన్నది నిజమే. కంపెనీవాళ్లు కొట్టిన రంగులోనే సన్నగా తొక్క ఉంది. మన తలుపు మీద కూడా కాస్త ఉంచితే రెండూ కలిసిపోయేవి. ఆ మాటే నేను పైకి అన్నాను.

"నా చేత్తో తొక్క ఉంచమంటావా?" అని శౌరయ్య నా మీద విరుచుకుపడ్డాడు. రావుగారి వైపు తిరిగి, "రేపు సాయంత్రం రండి బాబూ. బండంతా ఈ తలుపులాగే చేసిస్తా" అన్నాడు.

పాత అంబాసిడర్ల మీద రంగు దళసరిగా ఉండేది, ఎంత రుద్దినా తట్టుకునేది. ఈ కొత్త కార్ల మీది క్లియర్ ఉల్లిపొర. ఆ సంగతి శౌరయ్యకు తెలియక కాదు. ఒక్క కారు, ఒక్కసారి, తన చెయ్యి తన మాట వింటుందని ఆశపడ్డాడు. ఆపాల్సినవాణ్ణి నేనే. తెరేసమ్మకిచ్చిన మాట అడ్డొచ్చి నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. రేకు అవతల పేపర్ చప్పుడు ఎడతెరిపి లేకుండా వినపడుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకపోతే పిలుద్దామని వెళ్లాను. బానెట్ అంచు దగ్గర, కళ్లు మూసుకుని రుద్దుతున్నాడు. అంత సన్నటి అంచు మీద చెంప ఆనదు. వెండిరంగు లేచిపోయి అక్కడక్కడ అడుగుపూత బూడిదరంగు తేలింది. బంపరు మీదుగా కారుతున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆపు శౌరీ, ఆపు! ప్రైమర్ దాకా పోయింది!" అని అరిచాను.

కళ్లు తెరిచి ఆ నీళ్లకేసి చూశాడు. "కంపెనీ బండికి ఎర్ర ప్రైమరుండదన్నా" అన్నాడు మెల్లగా. అప్పుడు చెయ్యెత్తి చూసుకున్నాడు. పేపర్ ఎప్పుడు తిరగబడిందో, గరుకువైపు అతని వేళ్ల కిందికి వచ్చింది. అప్పట్నుంచీ తన వేళ్లనే రుద్దుకున్నాడు. కొసల్లో తోలు లేదు.

నా భుజం మీది తువ్వాలు తీసి కట్టబోతే చెయ్యి లాక్కున్నాడు. ఆ వేళ్లనే తీసుకెళ్లి బానెట్ అంచుకేసి నొక్కాడు.

"ఇంత తోలు లేచిపోతే నొప్పి పుట్టాలి గదన్నా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అతను కారుకేసి చూడలేదు, నాకేసీ చూడలేదు. నొప్పి పుడుతుందేమోనని ఇంకా గట్టిగా నొక్కుతూ అలాగే నిలబడ్డాడు.