అత్త ఎముక ముక్క

రేపు మా మేనత్తకు తుంటి ఆపరేషన్. తేంగాయితిట్టు అనే తమిళ రేవులో చేపలు అమ్ముతుంది. మొప్ప ఎత్తి తాజాదనం చూడనిదే చేపనైనా, మనిషినైనా నమ్మదు.

ఈ రోజు ఆసుపత్రిలో ఒక పరిశోధక విద్యార్థిని సమ్మతి కాగితాలతో వచ్చింది. తెలుగమ్మాయే. తీసేసే ఎముకలో చిన్న ముక్క తమకు కావాలంది.

"కణంలో ఆర్ఎన్ఏ అని చీటీలాంటిది ఉంటుందమ్మా. దానిమీద రసాయన గుర్తులు మారితే ఎముక గుల్లబారుతుందేమోనని చూస్తున్నాం."

"చూసినాక ఆ ముక్కను యాడ పెడతారు?"

"ఫ్రీజర్‌లో."

"ఎన్నాళ్లు? నేను పోయినాక నా ఎముకలు సముద్రంలో కలపాల గదా. ఒక ముక్క మీ పెట్టెలో ఉండిపోతే ఏంది నా గతి?"

ఆ అమ్మాయి కాగితాలన్నీ తిరగేసింది. ఎన్నాళ్లన్నది ఎక్కడా లేదు. కనుక్కుని వస్తానని వెళ్లి, సాయంత్రమైనా తిరిగి రాలేదు.

అత్త నావైపు తిరిగింది. "నువ్వు చదివే సంతకం పెట్టినావా రా?"

సాక్షి సంతకం అప్పటికే పెట్టేశాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ఒక్క పేజీ చదవలేదు.

"మొప్ప ఎత్తకుండానే కొనేసినావే!" అంది.

మీలో ఎవరైనా అలాంటి కాగితం చివరిదాకా చదివారా? నిజం చెప్పండి, అత్తకు చూపించాలి.