తీసేయకూడని పేర్లు

మా ఆయన పోయిన మూడో నెలలో కాలేజీ నుంచి కబురు వచ్చింది. కడప బయట ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ అది. ఆయన అక్కడ పద్దెనిమిదేళ్ళు కంప్యూటర్ ల్యాబు చూసుకున్నాడు, సర్వర్ల పనంతా ఆయనదే. "డిగ్రీలో కంప్యూటర్సు చదివినావంట కదమ్మా. ఆయన కుర్చీలోనే కూర్చో, నేర్చుకుంటావులే" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ చదువులో నాకు గుర్తున్నది సున్నా. అయినా సరేనన్నాను. ఇంట్లో ఉంటే పలకరించడానికి వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడుస్తున్నారు. జాలి పడేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట.

నేర్చుకోవాల్సింది షెల్ స్క్రిప్టింగ్. నల్లటి తెర మీద మనం రోజూ చేతితో చేసే పనులను వరసగా రాసి పెడితే, యంత్రం వాటిని తనంతట తానే చేసుకుపోతుంది. పిల్లలకు ఖాతాలు తెరవడం, డిస్కు నిండుతుంటే చెప్పడం, ఆదివారం ఆదివారం అన్నీ కాపీ తీయడం, అన్నీ అలా నడుస్తాయి. ఇదే యాజమాన్యానికి కర్నూలులో ఇంకో కాలేజీ ఉంది. అక్కడ సర్వర్లు చూసే పెద్దాయన మా ఆయనకు స్నేహితుడు. నేను అన్నా అని పిలుస్తాను. ఆ అన్నే ఫోన్లో నేర్పేవాడు.

"ఫికర్ పడాకు చెల్లెమ్మా. ఒకటే గుర్తు పెట్టుకో. దానికి బుద్ధి లేదు. నువ్వు రాసిందే చేస్తాది. మనసులో అనుకున్యాది దానికి తెల్దు."

అన్న నేర్పింది కొంత. అసలు నేర్పింది మా ఆయనే. సర్వర్లో ఆయన పేరుతో ఒక ఫోల్డరు ఉంది. ఆయన పాస్‌వర్డ్ నాకు తెలియదు కానీ, ల్యాబు బాధ్యత ఇచ్చాక ఎవరి ఫోల్డరైనా తెరిచే హక్కు నాకు వచ్చింది. అందులో నలభై దాకా స్క్రిప్టులున్నాయి. వాటిలో కొన్ని వరసల ముందు ఒక గుర్తు పెడితే యంత్రం వాటిని చదవకుండా దాటేస్తుంది, అక్కడ మనుషులు తమ కోసం ఏమైనా రాసుకోవచ్చు. ఆయన అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో మన తెలుగులోనే రాసుకున్నాడు. "ఈడ ఒక ఖాళీ ఎక్కువైతే అంతా నాశనం. నిన్న అయ్యింది." "పెద్దసారు అడిగినాడని రాసినా. శుద్ధ దండగ." ఒకచోట "మిగతాది రేపు. ఈ పొద్దు ఇంట్లో ఉగ్గాని, సల్లారితే మా ఆమె ఊరుకోదు" అని ఉంది. అది చదివింది పిల్లలతో ల్యాబు నిండుగా ఉన్న వేళ. వైరు ఏదో చూస్తున్నట్టు బల్ల కిందికి వంగి అక్కడే ఏడ్చాను.

ఆ తర్వాత వారానికి ఒక్క ఫైలే తెరవాలని నియమం పెట్టుకున్నాను. త్వరగా అయిపోకూడదు కదా. వేరేచోట కాపీ పెట్టుకోవాలని తట్టలేదా అని అన్న తర్వాత అడిగాడు. తట్టలేదు. పూజ గదిలోని పటానికి జిరాక్స్ తీయించి పెట్టుకుంటామా?

ఇక్కడ నా మొండితనం ఒకటి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తేవారు కాదు. ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చెప్పేది. ఇప్పటి పిల్లలు హాయిగా పిలుచుకుంటున్నారు, ఎవరి ఆయుష్షూ తగ్గినట్టు కనబడదు. నేను మాత్రం, తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, పిలవలేదు. పెళ్ళినాడు వేంపల్లెలో ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, నోట్లో నోట్లో గొణిగి దాటేశాను. తర్వాత ఇరవై రెండేళ్ళూ "ఇదో", "ఏమప్పా", "యాడుండావు" తోనే సంసారం గడిచిపోయింది. ఫారాలేమైనా వస్తే ఆయన నింపేవాడు, నేను సంతకం పెట్టేదాన్ని.

"ఒక్కసారి పేరు పెట్టి పిల్చరాదా? యాడికీ పారిపోనులే" అని ఏడిపించేవాడు.

"నీ ఆయుష్షు కోసమే పిలవకుండా ఉండా" అనేదాన్ని నేను. పిలవకపోయినా నలభై తొమ్మిదేళ్ళకే పోయాడు.

ఏడాది గడిచాక డిస్కు నిండిపోయింది. ఏడాదికి పైగా ఎవరూ వాడని ఖాతాలన్నీ ఫోల్డర్లతో సహా తీసేయమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. నేను సొంతంగా రాయబోయే మొదటి పెద్ద స్క్రిప్టు అదే. ఖాతాల పేర్లు వరసగా తీసుకోవాలి, ఎవరు ఎప్పుడు చివరిసారి లోపలికి వచ్చారో చూడాలి, ఏడాది దాటితే తీసేయాలి. నాలుగు రోజులు తన్నుకులాడి రాశాను. నడిపి చూడకముందే ఒకటి గుర్తొచ్చింది. ఆయన లోపలికి వచ్చి ఏడాది దాటింది.

అన్నకు ఫోన్ చేశాను. "దానికేముండాది. తీసేయకూడని పేర్లు ఒక ఫైల్లో రాసి పెట్టు. ఆ ఫైల్లో ఉండే పేరు వస్తే ముట్టొద్దని చెప్పు. రెండు వరసల పని" అన్నాడు.

ఫైలు తెరిచాను. ప్రిన్సిపాల్ గారి పేరు కొట్టాను. పరీక్షల విభాగం, లైబ్రరీ కొట్టాను. ఆయన దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కదల్లేదు. ఇన్నాళ్ళూ ఆయన ఫోల్డరును మౌసుతో నొక్కే తెరిచాను, పేరు కొట్టే అవసరం ఎప్పుడూ రాలేదు. రాస్తే పోయేదేమీ లేదని తెలుసు. పోగొట్టుకోవడానికి ఇంకేం మిగిలిందని కూడా అనుకున్నాను. అయినా చెయ్యి రాలేదు. అప్పుడొక ఉపాయం తోచింది. పేర్లు అక్షర క్రమంలో వస్తాయి, ఆయనది ఎప్పుడూ మొట్టమొదటి వరస. అందుకని, మొదటి వరసను వదిలేసి రెండో దాని నుంచి పని మొదలుపెట్టమని రాశాను. ఏమీ తీసేయకుండా ఊరికే పేర్లు చూపించమని నడిపించి చూశాను. ఆయన పేరు రాలేదు. పేరు ఎత్తకుండానే కాపాడుకున్నానని లోపల మురిసిపోయాను కూడా.

అన్నకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడనుకున్నాను.

ఆర్డరు చేతికిచ్చినా, పరీక్షలయ్యే దాకా ఆగమన్నారు. ఈలోగా కోయిలకుంట్ల నుంచి కొత్త లెక్చరరమ్మ ఒకామె చేరింది. ఆమెకు ఖాతా తెరిచింది నేనే. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, టీ కూడా తాగించాను. అక్షర క్రమంలో ఆమె పేరు ఆయన పేరు కంటే ముందొస్తుందని నాకు తట్టనే లేదు.

పరీక్షలు ముగిసిన శనివారం మధ్యాహ్నం స్క్రిప్టు నడిపాను. ఈసారి ముందుగా పేర్లు చూసుకోలేదు, ఒకసారి చూశాను కదా అన్న ధీమా. మొదటి వరసలో ఉన్న లెక్చరరమ్మను వదిలేసింది. రెండో వరసతో పని మొదలుపెట్టింది. డిస్కు సగం ఖాళీ అయిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్ళి చాన్నాళ్ళ తర్వాత బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకుని తిన్నాను.

సోమవారం పొద్దున్నే ఆ వారం ఫైలు చదువుదామని చూస్తే ఫోల్డరు లేదు. మళ్ళీ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. కొత్తామె పేరు పైన ఉండటం అప్పుడు గమనించాను.

చేతులు కాలాక ఆకుల కోసం కర్నూలుకు ఫోన్ చేశాను. మా సర్వరు కాపీ అక్కడే ఉంటుంది.

"ఏ ఖాతా పోయింది చెల్లెమ్మా?"

"ఆయనదే అన్నా."

"అయ్యో. ఎట్ల పోయింది?" అన్నాడు. నేను చెప్పేలోపే, "సరే, వెతుకుతాండా. ఏ పేరుతో పెట్టుకున్యాడు?"

"ఆయన పేరే అన్నా."

"వట్టి పేరేనా, ఇంటిపేరు కలిపినాడా? ఈడ వందల ఖాతాలుండాయి. నువ్వు సరిగ్గా చెప్పాల."

చెప్పాను. ఇరవై మూడేళ్ళ తర్వాత నా నోటితో ఆయన పేరు చెప్పాను.

"ఇనపడల్యా. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. ల్యాబులో పిల్లలు తలలు తిప్పి చూశారు. ఫోన్లో కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"మావాడు రాసిందే కదమ్మా ఈ కాపీ స్క్రిప్టు. ఆడ తీసేసింది ఆదివారం ఈడ కూడా తీసేస్తాది. అట్లనే రాసినాడు, చెత్త పేరుకోకూడదని. నిన్న నడిచిపోయింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పేరుతో ఎవరూ లేరు చెల్లెమ్మా" అన్నాడు.

పనిచేసే స్క్రిప్టులు వేరే చోట ఉన్నాయి, అవి ఈ రోజుకీ నడుస్తున్నాయి. కానీ అవి ఆయన రాసుకున్న మాటలన్నీ కొట్టేసిన శుభ్రమైన కాపీలు. నేను చదవని ఫైళ్ళు ఇంకా పదకొండు ఉండేవి. వాటిలో ఏం రాసుకున్నాడో, నన్ను ఎక్కడైనా తిట్టుకున్నాడో, ఇక నాకు తెలియదు. పేరు పెట్టి ఒక్కసారి పిలవమని బతికినన్నాళ్ళూ అడిగాడు. ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు పిలిచి ఉంటే పలికేవాడు.